మరచిన సున్నము: నికోటిను పరీక్షపై ఒక విమర్శ

ఎలక్ట్రానిక్ సిగరెట్టులో పోయు ద్రవమును ఇంటిలోనే కలుపుకొనువారు ఇంగ్లండు, అమెరికా వంటి దేశములలో చాలమంది ఉన్నారు. దానిని వారు 'ఇ-లిక్విడ్' అంటారు. ప్రొపిలీన్ గ్లైకాలు, గ్లిసరిను అను రెండు జిగట ద్రవములు, కొంత పరిమళద్రవ్యము, కొంత నికోటిను, ఇంతే దాని కూర్పు. అమెరికాలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల నికోటిను గల గాఢ ద్రావణము కూడ దొరకును. దానిని పలుచన చేసి 3, 6, 12, 18 మిల్లీగ్రాముల స్థాయికి తెచ్చుకొంటారు. లెక్క సులభమే. కాని దశాంశ బిందువు ఒక్క స్థానము జరిగినచో ద్రవము పదిరెట్లు ఘాటుగా తయారగును. అట్టి పొరపాటు జరిగినదా లేదా అని ఇంటిలోనే చూచుకొనుటకు ఒక చిన్న పరీక్షా పెట్టెను అమ్ముతారు. ఈ వ్యాసము ఆ పరీక్ష యొక్క మంచి చెడ్డలను గురించినది.

మన దేశములో ఎలక్ట్రానిక్ సిగరెట్లు నిషిద్ధములు. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సును, డిసెంబరులో దాని స్థానమున చట్టమును తెచ్చినది. ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నియు నేరములే. నిల్వ తప్ప తక్కినవానికి మొదటి తప్పుకు ఏడాదివరకు ఖైదు గాని, లక్ష రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. కనుక ఈ పెట్టెతో మనకేమి పని అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. పని ఉన్నది. మన పిల్లలు వేలకొలది ఆ దేశములలో చదువుకొనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. పైగా ఈ పెట్టెలోని పరీక్ష మన కళాశాలల ప్రయోగశాలలో ప్రతి విద్యార్థియు చేయు అంశమాపనమే, అనగా టైట్రేషనే. దాని లోపము కూడ మన విద్యార్థులు చేయు లోపమే. అందువలన తరగతిలో చర్చించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

సికింద్రాబాదులో మా దగ్గర చదువుకొని ఇప్పుడు విదేశములో ఉద్యోగము చేయు విద్యార్థి ఒకడు ఇటీవల అట్టి పెట్టెలోని సూచనపత్రమును నాకు పంపినాడు. "సార్, మూడుసార్లు చేసినాను. మూడుసార్లును ఒకే అంకె వచ్చినది. నమ్మవచ్చునా?" అని అడిగినాడు. నేను అంకెను గురించి కాక, ఏ ద్రవమును పరీక్షించినావని అడిగినాను. ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ముందు తెలియును.

పెట్టెలో ఉండునవి నాలుగే. ఒక గాజు గొట్టము, ఒక సిరంజి, తెలిసిన గాఢత గల పలుచని గంధకికామ్లము, 'బ్రోమోథైమాల్ బ్లూ' అను సూచిక. ఒక మిల్లీలీటరు ద్రవమును గొట్టములో తీసికొని, నీరు చేర్చి, సూచికను రెండు మూడు చుక్కలు వేయవలెను. రంగు నీలము అగును. తరువాత ఆమ్లమును చుక్క చుక్కగా వదలుచు, రంగు పసుపుగా మారగానే ఆపి, ఎంత ఆమ్లము ఖర్చయినదో చూడవలెను. దానినుంచి నికోటిను ఎంతో లెక్క వచ్చును.

దీని వెనుక నున్న సూత్రము పాతది. పొగాకునుంచి నికోటినును శుద్ధముగా మొదట వేరుచేసినవారు జర్మనీలోని హైడెల్బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన పోసెల్టు, రైమాను. అది 1828. అణుభారము 162. అణువులో రెండు నత్రజని పరమాణువులు ఉన్నవి. వానిలో ఒకటి ఆమ్లమును తేలికగా పట్టుకొనును, రెండవది అంత తేలికగా పట్టుకొనదు. కనుక ఈ పరీక్షలో ఒక అణువు నికోటిను హైడ్రోజను అయాను ఒకదానిని మాత్రమే తీసికొనును. డెసినార్మలు ఆమ్లము ఒక మిల్లీలీటరు 16.2 మిల్లీగ్రాముల నికోటినుకు సమానమని దీనినుంచి తేలును. ద్రవములో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉన్నచో 1.23 మిల్లీలీటర్ల ఆమ్లము పట్టవలెను. ఇంతవరకు తప్పు పట్టుటకు ఏమియు లేదు.

తప్పు మొదలగునది రంగు దగ్గర. నికోటిను బలహీన క్షారము. దాని అణువులలో సగము ఆమ్లముతో కూడినప్పుడు ద్రావణపు పీహెచ్ సుమారు 8. అన్నియు కూడినప్పుడు సుమారు 5.6. బ్రోమోథైమాల్ బ్లూ 7.6 వద్ద నీలము విడువ నారంభించి, ఆకుపచ్చ మీదుగా పోయి, 6.0 వద్ద పూర్తి పసుపు అగును. అనగా నికోటిను అంతయు ఆమ్లమును పుచ్చుకొనకముందే సూచిక రంగు మార్చుట ప్రారంభించును. నీలమునకు ఆకుపచ్చ ఛాయ సోకగానే ఆపినవానికి నికోటినులో నూటికి 72 పాళ్లే కనబడును. నడిమి ఆకుపచ్చ వద్ద ఆపినవానికి 89 పాళ్లు కనబడును. పూర్తి పసుపు వచ్చువరకు ఓపిక పట్టినవానికి 99 పాళ్లు కనబడును. నిజముగా 20 మిల్లీగ్రాములున్న ద్రవమే ఒకని చేతిలో 14.5, ఇంకొకని చేతిలో 17.9, మరియొకని చేతిలో 19.8 అగునన్నమాట. నేను చూచిన సూచనపత్రము "రంగు మారగానే ఆపవలెను" అన్నది. ఏ రంగునుంచి ఏ రంగుకో, ఎంతవరకో చెప్పలేదు. 6.2కును 4.4కును నడుమ రంగు మార్చు మిథైల్ రెడ్ ఈ పనికి మేలైన సూచిక. బలహీన క్షారమును బలమైన ఆమ్లముతో కొలుచునప్పుడు సూచికను ఎట్లు ఎన్నుకొనవలెనని మనము పాఠములో చెప్పుదుము గదా, ఇది దానికి ఉదాహరణము.

జిగట ద్రవమును సిరంజితో కొలుచుట ఇంకొక చిక్కు. గ్లిసరిను గొట్టము గోడలను అంటుకొని ఉండును. మిల్లీలీటరులో ఇరువదవ వంతు లోపలనే మిగిలిపోయినను నూటికి 5 పాళ్ల తప్పు. త్రాసుతో తూచుట మేలు. పరిమళద్రవ్యము వలన ద్రవమునకు ముందే పసుపో ఎరుపో ఉన్నచో రంగు మార్పు కనబడనే కనబడదు. ఇవి చేతి నేర్పుతో సర్దుకొనదగిన లోపములు. వీనిని ఎక్కువ చేసి చెప్పనక్కరలేదు.

మూడుసార్లును ఒకే అంకె వచ్చినదన్న మాటకు వత్తును. కొలత మాటిమాటికి ఒకటే వచ్చుట వేరు, సరిగా వచ్చుట వేరు. తప్పు గుర్తులున్న కొలబద్దతో నూరుసార్లు కొలిచినను నూరుసార్లును అదే తప్పు వచ్చును. మన ఊరి చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణము ఉన్నది. 1888లోను 1889లోను నిజాము ప్రభుత్వపు ఆదరణతో హైదరాబాదులో క్లోరోఫారము కమిషనులు పని చేసినవి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ వానికి పూనిక వహించినాడు. రెండవదానికి లండనునుంచి లాడర్ బ్రంటను వచ్చినాడు. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, క్లోరోఫారము గుండెను నేరుగా ఆపదనియు, ముందు ఊపిరి ఆగుననియు, కనుక వైద్యుడు ఊపిరిని కనిపెట్టిన చాలుననియు తేల్చినారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన పనివలన, మత్తు పలుచగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగవచ్చునని తెలిసినది. అంతమంది సమర్థులు అన్ని ప్రయోగములు చేసి ఒకే మాట చెప్పినను, ఆ మాట నిలువలేదు.

ఇక అసలు లోపము. పైన చెప్పిన లెక్క అంతయు నికోటిను స్వేచ్ఛగా, అనగా క్షార రూపములో ఉన్నదనుకొని వేసినది. కాని నికోటినుకు లవణ రూపము కూడ ఉన్నది. 2015లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన 'జూల్' అను సాధనముతో ఈ రూపము ప్రసిద్ధమైనది. క్షార నికోటిను ఎక్కువగా ఉన్న ఆవిరి గొంతును మంటపెట్టును, కాబట్టి పీల్చువాడు తనంతట తానే తగ్గును. దానికి బెంజాయికామ్లమును చేర్చి లవణము చేసినచో మంట తగ్గును. అప్పుడు ఎక్కువ గాఢతను కూడ హాయిగా పీల్చవచ్చును. జూల్‌లో తొలుత బరువున నూటికి 5 పాళ్లు, అనగా మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాములు ఉండెడిది. ఇప్పుడు ఇంటిలో కలుపుకొనువారు కూడ లవణ నికోటినును కొని వాడుచున్నారు.

ఈ ద్రవమును మన పెట్టెలో పరీక్షింపుడు. నికోటినుకు సరిపడ బెంజాయికామ్లము కలిసియున్నచో, ప్రతి నికోటిను అణువు అప్పటికే తన హైడ్రోజను అయానును పుచ్చుకొని కూర్చున్నది. ద్రావణపు పీహెచ్ సుమారు 6.1. సూచిక వేయగానే నీలము రాదు, పసుపే వచ్చును. ఆమ్లము ఒక్క చుక్కయు అక్కరలేదు. పెట్టె చెప్పు జవాబు, నికోటిను సున్న! మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములున్న సీసాను చేతిలో పెట్టుకొని "ఇందులో ఏమియు లేదు" అనుకొనవలసి వచ్చును. ఆమ్లము సరిపడ కాక సగమే కలిసియున్నచో ఇంకను మోసము. 50కి బదులు 25 అని నమ్మదగిన అంకె వచ్చును. సున్న వచ్చినచో ఎవడైనను అనుమానించును, 25 వచ్చినచో ఎవడును అనుమానింపడు. తక్కువ ఉన్నదనుకొని ఇంకొంత గాఢ ద్రావణమును పోయును.

నా విద్యార్థి పరీక్షించినది లవణ ద్రవమే.

లవణమునుంచి క్షారమును విడిపించుటకు ఏమి చేయవలెనో మన పల్లెలలో చదువురానివారికి కూడ తెలియును. పొగాకును అరచేతిలో వేసి, సున్నము రాచి, బొటనవ్రేలితో నలిపి దవడన పెట్టుకొను కూలివానిని చూడుడు. ఆకులో నికోటిను ఎక్కువ భాగము సేంద్రియామ్లములతో కూడి లవణముగా ఉండును. సున్నము ఆ ఆమ్లములను పట్టుకొని నికోటినును విడుదల చేయును. విడుదలైన నికోటిను నోటి పొరలగుండా త్వరగా రక్తములోనికి పోవును. (అలవాటు మెచ్చదగినది కాదు, నోటి క్యాన్సరుకు అది రాజమార్గము. నేను మెచ్చుకొనునది అందలి రసాయనశాస్త్రమును.) పేనుబంకకు రైతు చల్లు పొగాకు కషాయములో సబ్బు కలుపుటకు ఒక కారణము ద్రవము ఆకుకు అంటుకొనుటయే. కాని సబ్బుకు క్షారగుణము ఉండుటచేత నికోటిను విడుదలై పురుగుపై బాగుగా పనిచేయుట ఇంకొక కారణము. నికోటిను సల్ఫేటును పురుగుమందుగా వాడినప్పుడు కూడ సబ్బు కలిపెడివారు. 1992లో మన దేశములో దాని వాడకమును నిషేధించి, ఎగుమతికి మాత్రము తయారీని అనుమతించినారు.

శాస్త్రజ్ఞులకు ఈ సంగతి 170 ఏండ్లకు పైగా తెలిసియున్నది. 1850 నవంబరులో బెల్జియములో బొకార్మే అను ప్రభువు పొగాకునుంచి తానే నికోటిను తీసి, ఆస్తికొరకు తన భార్య తమ్మునికి బలవంతముగా త్రాగించి చంపినాడు. అంతవరకు శవములో వృక్షసంబంధమైన విషమును పట్టుకొను విధానము లేదు. బ్రస్సెల్సులోని రసాయనాచార్యుడు స్టాసు, మృతుని అవయవముల రసమునకు ముందుగా క్షారమును చేర్చి, తరువాత ఈథరుతో కలిపి కుదిపి, ఈథరులోనికి దిగిన నికోటినును వేరుచేసి చూపినాడు. హంతకునికి 1851లో మరణదండన జరిగినది. ముందు క్షారము చేర్చుటలోనే స్టాసు విధానపు గుట్టంతయు ఉన్నది. కూలివాని అరచేతిలోని సున్నము, రైతు కషాయములోని సబ్బు, స్టాసు చేర్చిన క్షారము మూడును ఒకే పని చేసినవి. నేటి పెట్టె తయారుచేసినవారు ఆ ఒక్క అడుగును వదలివేసినారు.

వదలుటకు కారణము లేకపోలేదు. క్షార నికోటిను ఒక్కటే వాడుకలో ఉన్న రోజులలో రూపొందిన పరీక్ష ఇది, ఆనాటికి సరిపోయినది. పరిమళము, రంగు లేని క్షార నికోటిను ద్రావణమును జాగ్రత్తగా పరీక్షించినచో ఈనాటికిని ఫలితము ఫరవాలేదు. నా అభ్యంతరము పేరును గురించి. ఈ పెట్టె కొలుచునది నికోటినును కాదు, ఆ పీహెచ్ హద్దులలో ఆమ్లమును పుచ్చుకొను శక్తిని. ద్రవములో వాషింగ్ సోడా చిటికెడు పడినను దానిని నికోటినుగానే లెక్కించును. పుల్లని పండ్ల రుచికొరకు నిమ్మ ఉప్పు కలిపినచో అంతమేరకు నికోటినును మింగివేయును. ఇక తక్కిన పదార్థముల సంగతి అది ఎరుగదు. 2019లో అమెరికాలో ఆవిరి పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైనారు లేక మరణించినారు. మృతులు 68 మంది. వారిలో ఎక్కువమంది వాడినది గంజాయి సారముతో చేసిన ద్రవములు. వానిలో కలిపిన విటమిను-ఇ అసిటేటుకు ఆ జబ్బుతో గట్టి సంబంధము ఉన్నట్లు తేలినది. అట్టిదానిని ఏ ఆమ్లపు చుక్కయు పట్టి ఇవ్వదు.

కొలత తప్పినందువలన ఎంత ముప్పు? ఇక్కడ కూడ ఒక అంకెను గురించి విమర్శ అవసరము. పెద్దవానికి 60 మిల్లీగ్రాముల నికోటిను మృత్యుమాత్ర అని పుస్తకములన్నియు ఒకదానిని చూచి ఒకటి వ్రాయుచు వచ్చినవి. ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బెర్న్‌డ్ మాయరు 2014లో ఈ అంకె మూలమును వెదకి, 19వ శతాబ్దపు నడుమ కొందరు తమపై తాము చేసికొన్న, అంతగా నమ్మరాని ప్రయోగములకు చేరుకొన్నాడు. త్రాగినప్పుడు ప్రాణము తీయు మాత్ర అర గ్రామునుంచి ఒక గ్రామునకు తక్కువ కాదని అతని అంచనా. ఇది ఊరటగా కనబడును గాని, 100 మిల్లీగ్రాముల ద్రావణము 10 మిల్లీలీటర్లలో ఒక గ్రాము ఉన్నదని గుర్తుంచుకొనవలెను. రెండు చెంచాల ద్రవము అది. పసిపిల్లల విషయములో ఇంకను చాల తక్కువ చాలును. 2014 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రములో ఏడాది ప్రాయపు బిడ్డ ద్రవ నికోటిను వలన మరణించినది. తరువాత ఆ దేశములో ఇట్టి సీసాలకు పిల్లలు తీయలేని మూతలు ఉండవలెనని చట్టము చేసి, 2016 జనవరిలో అమలునకు తెచ్చు సంతకము జరిగినది. ఐరోపా సంఘము 2014లో చేసిన ఆదేశము ప్రకారము అమ్మకపు ద్రవములో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదు. త్రాగుటయే కాదు, చర్మముగుండా కూడ నికోటిను ఎక్కును. తడిసిన పొగాకు ఆకులను కోయు కూలీలకు వాంతులు, తలతిప్పుట వచ్చుటకు కారణము అదియే.

మన ప్రాంతమునకు నికోటిను కొలత కొత్తది కాదు. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనాలయము, గుంటూరులో 1976లో పొగాకు బోర్డు వెలసినవి. ఆకు గుణమును నిర్ణయించు లక్షణములలో నికోటిను శాతము ఒకటి. పొగాకు రసాయనజ్ఞులు చిరకాలము వాడిన విధానములో ఆకు పొడికి ముందుగా క్షారమును చేర్చెదరు (మరల సున్నమే!). నీటి ఆవిరితో నికోటినును బట్టీపట్టి, సిలికోటంగ్‌స్టికామ్లముతో అవక్షేపింపజేసి, కాల్చి, మిగిలిన బూడిదను తూచి, ఆ బరువును 0.1141తో హెచ్చింతురు. ఓపిక కావలెను గాని తప్పుకు చోటు తక్కువ. నేడు గ్యాసు క్రొమటోగ్రఫీ వచ్చినది. అందులో మిశ్రమములోని పదార్థములు సన్నని గొట్టముగుండా పోవుచు ఒకదానినుంచి ఒకటి విడిపోవును. నికోటిను తనకు నియతమైన కాలమునకు బయటకు వచ్చును. తెలిసిన గాఢత గల నికోటినుతో పోల్చి ఎంత ఉన్నదో చెప్పవచ్చును. క్షారమా లవణమా అను పేచీ అక్కడ ఉండదు.

ఇంటి పెట్టెను బాగుచేయుట అసాధ్యము కాదు. ద్రవమునకు ముందు కొంచెము కాస్టిక్ సోడా చేర్చి, పీహెచ్ మీటరు పెట్టి, 10 నుంచి 6 వరకు దిగుటకు ఎంత ఆమ్లము పట్టినదో చూచినచో, నికోటిను క్షారముగా ఉన్నను లవణముగా ఉన్నను దాదాపు అంతయు లెక్కకు వచ్చును. సూచిక రంగుతో మాత్రము ఇది సాధ్యము కాదు. అంతవరకు సూచనపత్రముపై "లవణ నికోటినుకు ఈ పరీక్ష పనికిరాదు" అను ఒక్క పంక్తి పెద్ద అక్షరములలో అచ్చువేయుట అమ్మువారి బాధ్యత. నేను చూచిన పత్రములో ఆ పంక్తి లేదు.

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును చూపదలచిన ఉపాధ్యాయులు నికోటిను జోలికి పోరాదు, పొగాకు కషాయము కూడ వద్దు. అమ్మోనియా, కళాయి వేయువారు వాడు నవాసారము చాలును. పసుపుతో తడిపి ఆరబెట్టిన కాగితపు ముక్కలను సిద్ధము చేసికొనుడు. ఒక గొట్టములో పలుచని అమ్మోనియా ద్రావణము, రెండవదానిలో నవాసారపు ద్రావణము పోసి, పసుపు కాగితమును ఒక్కొక్కదానిలో ముంచుడు. మొదటిదానిలో ఎర్రబారును, రెండవదానిలో పసుపుగానే ఉండును. "రెండవ గొట్టములో అమ్మోనియా ఉన్నదా?" అని తరగతిని అడుగుడు. లేదని చేతులెత్తినవారిని లెక్కపెట్టుకొని, ఆ గొట్టములో తడి సున్నము కొంచెము వేసి, కొద్దిగా వెచ్చజేసి, తడిపిన మరియొక పసుపు కాగితమును ద్రావణమునకు తగలకుండ గొట్టము మూతివద్ద పట్టుడు. కిటికీలు తెరచియుంచవలెను, గొట్టమును ముక్కుకు దూరముగా ఉంచవలెను. కాగితము ఎర్రబారుటకు అరనిమిషము పట్టదు.